దుకాణం పేరు చెక్కిన పాత శాక్సోఫోన్: అసలు తయారు చేసింది ఎవరు?

ఒహాయో గాలి
అందరికీ నమస్కారం. సిన్సినాటి దగ్గర ఒక పాత ఇంటి సామాను అమ్మకంలో ఆల్టో శాక్సోఫోన్ ఒకటి 180 డాలర్లకు కొన్నాను. వెండి పూత నల్లబడిపోయింది. బెల్ (వెడల్పాటి మూతి) లోపల మాత్రం బంగారు ఛాయ ఇంకా మెరుస్తోంది. బెల్ మీద తీగలూ పువ్వులూ చెక్కి, వాటి మధ్య ‘వర్లిట్జర్’ అని ఉంది. వెనక బొటనవేలి కొక్కెం కింద సీరియల్ నంబరు, దాని దగ్గరే ‘లో పిచ్’ అన్న ముద్ర. వేరే కంపెనీ పేరు ఎక్కడా లేదు.

వర్లిట్జర్ అంటే జూక్‌బాక్సులు, సినిమా హాళ్ల ఆర్గన్లు చేసినవాళ్లని తెలుసు. శాక్సోఫోన్లు కూడా చేశారా? సీరియల్ నంబరుతో వెతికితే ఒక పట్టిక ఒక సంవత్సరం చెబుతోంది, ఇంకో పట్టిక దానికి పదిహేనేళ్ల తేడాతో మరొకటి చెబుతోంది. మా అబ్బాయి స్కూలు బ్యాండులో ఆల్టో వాయిస్తున్నాడు. వాడికి పనికొస్తుందా, గోడకు తగిలించుకోవడమేనా?

రీడు ముక్క
అదృష్టవంతులండీ! వర్లిట్జర్ వాళ్లు శాక్సోఫోన్లు చేయలేదు, చేయించుకున్నారు. ఆ రోజుల్లో అమెరికా శాక్సోఫోన్లలో అధిక భాగం ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ అనే చిన్న ఊళ్లో తయారైనవే. వాటిలో పెద్ద కంపెనీ కాన్. మీది కాన్ అయ్యే అవకాశమే ఎక్కువ. కాన్ అయితే మాత్రం 180 డాలర్లకు లంకెబిందెలు దొరికినట్టే.

పాత ఇత్తడి
రీడు ముక్క గారూ, ఫోటో ఒక్కటైనా చూడకుండా కాన్ అని ఎలా తేల్చారు? ఈ వేదికలో పాత శాక్సోఫోన్ ఎవరు తెచ్చినా మొదటి జవాబు ‘కాన్’ అనే వస్తోంది.

ఒహాయో గాలి గారికి ముందు నేపథ్యం చెబుతాను. 1920ల్లో అమెరికాలో శాక్సోఫోన్ పిచ్చి పట్టింది. ప్రతి ఇంట్లో పియానో పక్కన ఒకటి ఉండాల్సిందే అన్నట్టు కొన్నారు. వాద్యాలు అమ్మే పెద్ద దుకాణాలకు, ఊరూరా కేటలాగులు పంపి సరుకు అమ్మే సంస్థలకు తమ పేరుతో ఒక శాక్సోఫోన్ కావాలి. సొంతంగా ఫ్యాక్టరీ పెట్టడం ఎందుకు? ఎల్క్‌హార్ట్‌లో కాన్, బ్యూషర్, మార్టిన్ ఉన్నాయి. క్లీవ్‌లాండ్‌లో కింగ్ శాక్సోఫోన్లు చేసే హెచ్.ఎన్.వైట్ ఉంది. విస్కాన్సిన్‌లో ఎల్క్‌హార్న్ అనే ఊళ్లో హోల్టన్ ఉంది. ఈ రెండు ఊళ్ల పేర్లనూ కలగలిపేసేవాళ్లు చాలామంది, జాగ్రత్త. వీళ్లలో ఎవరికో ఆర్డరిస్తే, బెల్ మీద దుకాణం పేరు చెక్కి పంపేవారు. వాటినే స్టెన్సిల్ శాక్సోఫోన్లు అంటారు. సిన్సినాటి వర్లిట్జర్, షికాగో లయన్ అండ్ హీలీ, న్యూయార్క్ కార్ల్ ఫిషర్, బోస్టన్ వేగా పేర్లతో ఉన్న పాత శాక్సోఫోన్లలో చాలావరకు ఇలా వచ్చినవే.

చిక్కు ఎక్కడంటే, ఒక దుకాణం ఎప్పుడూ ఒకే ఫ్యాక్టరీ దగ్గర కొనలేదు. ఈ ఏడాది ధర కుదిరితే బ్యూషర్, మరో ఏడాది మార్టిన్. కాబట్టి ‘వర్లిట్జర్ అంటే ఫలానా కంపెనీ’ అని రాసిన పట్టిక కనబడితే పక్కన పెట్టండి. చెక్కిన పేరు అమ్మినవాడిది. తయారు చేసినవాడు లోహంలో దొరుకుతాడు.

ఈ ఫోటోలు పెట్టండి: పెద్ద రంధ్రాలలో ఒకదాని గట్టు, పక్క నుంచి, వీలైనంత దగ్గరగా. బెల్ మీది పెద్ద కీలు రెండూ. కింద సి, ఇ-ఫ్లాట్ కీలకు దెబ్బ తగలకుండా వాటి మీద ఉండే గార్డు. సీరియల్ నంబరు ముద్ర. పువ్వుల ఫోటోలు అక్కర్లేదు.

ఒహాయో గాలి
ఫోటోలు జతచేశాను. బెల్ మీద పెద్ద కీలు రెండూ చెరో వైపున ఉన్నాయి. రంధ్రాల అంచు బయటికి మడిచినట్టు చుట్టి లేదు. గట్టు మాత్రం మా వాడి స్కూలు శాక్సోఫోన్ గట్టులా లేదు. అడుగున మందంగా, పైకి వచ్చేసరికి పలచగా, ఏటవాలుగా ఉంది. గట్టు గొట్టాన్ని తాకే చోట చుట్టూ సన్నటి గీత కనిపిస్తోంది. అది మురికి అనుకొని గుడ్డతో తుడిచాను, పోలేదు.

పాత ఇత్తడి
ఆ గీతే జవాబు. మార్టిన్.

ఎందుకో చెబుతాను, మిగతావాళ్లకూ పనికొస్తుంది. శాక్సోఫోన్ గొట్టం మీద ప్యాడు (కీ కింద ఉండి రంధ్రాన్ని మూసే మెత్తటి బిళ్ల) కూర్చునే గట్టును రెండు రకాలుగా చేస్తారు. ఒకటి, గొట్టం రేకునే లోపలి నుంచి బయటికి లాగి గట్టుగా నిలబెట్టడం. కాన్, బ్యూషర్ ఇలా చేశాయి. అలాంటి గట్టు మొదలు దగ్గర చిన్న వంపు తిరిగి గొట్టంలో కలిసిపోతుంది, గీత ఉండదు. లోపల టార్చి వేసి చూస్తే అంచు గుండ్రంగా జారుతూ కనిపిస్తుంది. రెండోది, గట్టును విడిగా ఉంగరంలా చేసుకొని గొట్టం మీద కూర్చోబెట్టి టంకం పెట్టడం. అప్పుడు మీరు చూసిన గీత మిగులుతుంది. లోపలి నుంచి చూస్తే అంచు కోసినట్టు ఉంటుంది.

టంకం గట్లు పాత కింగుల్లోనూ ఉన్నాయి. అందుకని గీత ఒక్కటే చాలదు. అడుగున లావుగా మొదలై పైకి ఏటవాలుగా పలచబడే గట్టు మార్టిన్ చేతి ముద్ర. మూడో ఫోటోలో అది స్పష్టంగా ఉంది. దుకాణం కోసం చేసినప్పుడు చెక్కుడు పని తగ్గించారేమో గానీ, గట్టు చేసే పద్ధతి మార్చలేదు. అచ్చులూ పనివాళ్లూ అవే కదా.

కాలం విషయానికొస్తే, బెల్ కీలు చెరో వైపున ఉండటం, పైన ఎఫ్ దాకా కీలు ఉండటం, పారదర్శకమైన లాకర్ పూత కాకుండా వెండి పూత, ఇవన్నీ కలిపి చూస్తే 1920లు. ఇంతకంటే కచ్చితంగా చెప్పే పట్టిక ఏదీ దీనికి కుదరదు. సీరియల్ పట్టికలు కంపెనీ తన సొంత పేరుతో అమ్మినవాటి కోసం తయారైనవి. దుకాణాలకు వెళ్లినవాటికి చాలాసార్లు వేరే వరస నంబర్లు వేశారు. మీకు రెండు పట్టికలు రెండు సంవత్సరాలు చెప్పింది అందుకే.

‘లో పిచ్’ ముద్ర ఉండటం మంచిది, అంటే ఇప్పటి వాద్యాల్లాగే ఎ స్వరం 440 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. ఆ కాలంలో ఎ స్వరం 457 దగ్గర పలికే ‘హై పిచ్’ వాద్యాలు కూడా అమ్మారు. అలాంటిది తెస్తే మీ వాడు బ్యాండులో కూర్చోలేడు. మౌత్‌పీస్ ఎంత బయటికి లాగినా 440కి దిగదు. ఒక స్వరం దిగితే ఇంకోటి చెడుతుంది. పాత శాక్సోఫోన్ కొనేటప్పుడు పేరు కంటే ముందు చూడాల్సింది ఈ ముద్రే.

రీడు ముక్క
మార్టిన్ అయితే ఇంకా మంచిదే కదా! మార్టిన్ తన సొంత పేరుతో అమ్మిన హ్యాండ్‌క్రాఫ్ట్ రకం ధర పెట్టి అమ్ముకోవచ్చు. పేరే తేడా, లోపల సరుకు ఒకటే. ఇంతకీ కాన్‌ను గుర్తించడానికి అంచు చుట్టి ఉండటమే గుర్తు అంటారు. అది నిజమేనా?

ఎల్క్‌హార్ట్ పొరుగువాడు
నేను సౌత్ బెండ్‌లో ఉంటాను. ఆ ఊరు పక్కనే. రెండు విషయాలు.

‘సరుకు ఒకటే’ అన్నది సగం నిజం, అందులోనూ కంపెనీని బట్టి మారుతుంది. మార్టిన్ దుకాణాలకు చేసినవి తన హ్యాండ్‌క్రాఫ్ట్‌కు బాగా దగ్గరగా ఉంటాయి. కాన్ అలా కాదు. 1920ల్లో తన పేరుతో అమ్మిన వాటికి అంచులు చుట్టింది, నెక్ (మౌత్‌పీస్ తగిలించే వంపు గొట్టం) మీద శ్రుతి సరిచేసుకునే మైక్రోట్యూనర్ పెట్టింది. దుకాణాలకు ఇచ్చినవాటిలో సాధారణంగా ఈ రెండూ ఉండవు. బ్యూషర్ కూడా అంతే. ప్యాడ్లను మధ్యలో బొత్తాంతో బిగించే తన సొంత పద్ధతిని చాలావరకు తన పేరున్నవాటికే ఉంచుకుంది. మంచి ముక్క ఇంట్లో ఉంచుకొని రెండో రకం బజారుకు పంపడం ఏ వ్యాపారికైనా తెలిసిన విద్యే.

రెండోది, అంచు చుట్టి ఉంటే కాన్ అనుకోవడం. అమెరికాలో 1920ల నాటిదైతే ఆ అనుమానం న్యాయమే. కానీ జర్మన్ కంపెనీ కైల్‌వెర్త్ కూడా అంచులు చుట్టింది. ఒక్క గుర్తుతో ఎప్పుడూ తేల్చకండి.

కాన్ చేసిన స్టెన్సిల్‌కు నేను వెతికేవి ఇవి: మెర్సిడెస్ కారు గుర్తును తలపించే మూడు చువ్వల గార్డు. సీరియల్ నంబరు చుట్టూ ఒంటరి అక్షరాలు, ఆల్టోకు ఎ, టెనర్‌కు టి, సి మెలొడీ అనే రకానికి సి, కింద లో పిచ్‌కు ఎల్. ఇంకా 1914 డిసెంబరు 8 తేదీతో పేటెంటు ముద్ర. అది రంధ్రాల గట్లను రేకు నుంచే లాగే పద్ధతి మీది పేటెంటు. చాలామంది ఆ తేదీ చూసి ‘నా శాక్సోఫోన్ 1914 నాటిది’ అని ప్రకటనల్లో రాస్తుంటారు. పేటెంటు తేదీ తయారీ తేదీ కాదు.

అలాగే పాన్ అమెరికన్ పేరును దుకాణాల పేర్లలో కలపకండి. అది కాన్ సొంత రెండో శ్రేణి. ఇండియానా పేరు మార్టిన్‌ది, ఎల్క్‌హార్ట్ పేరు బ్యూషర్‌ది, క్లీవ్‌లాండ్ పేరు కింగ్ వాళ్లది. ఇవన్నీ తయారీదారులే చవక సరుకుకు పెట్టుకున్న పేర్లు.

సి మెలొడీ
ఈ చర్చ చూసి ధైర్యం చేసి అడుగుతున్నాను. హ్యూస్టన్‌లో ఉంటాను. ఇంటర్నెట్ వేలంలో ‘1920ల నాటి అరుదైన సెల్మర్’ అని ఉంటే మా వారు నా పుట్టినరోజుకు కొన్నారు. బెల్ మీద ‘సెల్మర్ న్యూయార్క్’ అని ఉంది. మెర్సిడెస్ గార్డు ఉంది. నంబరు పక్కన సి, కింద ఎల్. సెల్మర్ అసలు కంపెనీ ఉన్న పారిస్ ప్రస్తావన ఎక్కడా లేదు. పైన రాసింది చదివాక గుండె జారింది.

ఎల్క్‌హార్ట్ పొరుగువాడు
అమ్మా, మీరు చెప్పిన గుర్తులన్నీ కాన్ వైపే వేలు చూపిస్తున్నాయి. న్యూయార్క్‌లో సెల్మర్ దుకాణం ఉండేది. పారిస్ హెన్రీ సెల్మర్ తమ్ముడు అలెగ్జాండర్ క్లారినెట్ విద్వాంసుడు, న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌లో వాయించాడు. అక్కడ దుకాణం నడిపి, తర్వాత శిష్యుడు జార్జ్ బండీకి అప్పగించి వెళ్లాడు. ఆ దుకాణం పేరుతో అమెరికాలో చేయించిన శాక్సోఫోన్లు మీది లాంటివి. పారిస్ సెల్మర్ తన మొదటి శాక్సోఫోన్లు తెచ్చిందే 1920ల మొదట్లో. ఆ రెండు రకాల శాక్సోఫోన్ల మధ్య పేరు తప్ప చుట్టరికం లేదు.

అన్నట్టు శాక్సోఫోన్ల మీద కనిపించే బండీ పేరు కూడా ఇలాంటి తికమకే. 1950ల బండీ స్పెషల్ జర్మనీలో కైల్‌వెర్త్ చేసింది. 1963లో అమెరికా సెల్మర్ బ్యూషర్‌ను కొన్నాక వచ్చిన బండీలు ఎల్క్‌హార్ట్ బ్యూషర్ ఫ్యాక్టరీవి. బెల్ మీద పేరు ఒకటే, పుట్టిన ఖండాలు రెండు.

పాత ఇత్తడి
వేలంలో కొన్నారు కాబట్టి ప్రకటన పేజీని ఇప్పుడే దాచుకోండి. ‘పారిస్’ అని రాసి ఉంటే డబ్బు వెనక్కి అడిగే హక్కు మీది. ‘సెల్మర్’ అని మాత్రమే రాసి ఊరుకుంటే వాడు తెలివైనవాడు. ఈ వ్యాపారంలో ‘అరుదైన’ అన్న మాటకు ‘అమ్ముడుపోని’ అని అర్థం చెప్పుకుంటే చాలా డబ్బు మిగులుతుంది.

ఇక సి మెలొడీ సంగతి. ఆల్టోకూ టెనర్‌కూ మధ్య పరిమాణం. పియానో పుస్తకం ముందు పెట్టుకొని స్వరాలు మార్చకుండా నేరుగా వాయించుకోవచ్చని ఇళ్లకు తెగ అమ్మారు. 1929 తర్వాత దాని మోజు పోయింది. ఇప్పుడు పాత సామాను దుకాణాల్లో దొరికే స్టెన్సిళ్లలో ఇవే ఎక్కువ. టెనర్ అని చెప్పి అంటగట్టేవాళ్లూ ఉన్నారు. పరీక్ష సులభం. ఎడమచేతి మధ్యవేలు ఒక్కటే నొక్కి సి వాయించండి, శ్రుతి చూపే యాప్ తెరవండి. సి చూపిస్తే సి మెలొడీ, బి-ఫ్లాట్ అయితే టెనర్, ఇ-ఫ్లాట్ అయితే ఆల్టో.

బ్యాండుమేళం
రాజమండ్రి నుంచి. పెళ్లిళ్లలో, కచేరీల్లో శాక్సోఫోన్ వాయిస్తాను. అమెరికా సోదరీమణికి ఒక మాట. మీరు కర్ణాటక సంగీతం నేర్చుకున్నవారైతే ఆ సి మెలొడీని వదులుకోకండి. మన లెక్కలో అది ఒకటో శ్రుతి. ఆ సి వేలునే షడ్జమంగా పెట్టుకుంటే చాలామంది మగ గాయకుల పక్కన సుఖంగా ఇముడుతుంది. ఆల్టోలో అదే వేలు రెండున్నర శ్రుతి అవుతుంది. కద్రి గోపాల్‌నాథ్ గారు ఆల్టో మీద గమకాలు పలికించి దారి వేశాక అందరూ ఆల్టోనే పట్టారు. కానీ సి మెలొడీ నాదం మెత్తగా, గాత్రానికి దగ్గరగా ఉంటుంది. బెల్ మీద ఎవరి పేరుంటే ఏముంది, ఆరోహణలో పంచమం నిలబడుతుందా అన్నది చూసుకోండి.

సి మెలొడీ
అన్నయ్యా, సంగీతం డిప్లొమా చేశాను, గాత్రం. ఆ మాట విన్నాక తిరిగి పంపే ఆలోచన మానుకుంటున్నాను. ధర సంగతి మాత్రం మా వారితో విడిగా మాట్లాడుకుంటాను.

కొత్త శ్రుతి
సికింద్రాబాద్ నుంచి. మా మావయ్య దగ్గర ఒక టెనర్ ఉంది. బెల్ మీద ఒక దుకాణం పేరు, గొట్టం వెనక చిన్న అక్షరాల్లో ‘చెకోస్లవేకియా’ అని. దీనికీ ఇదే పద్ధతి పనిచేస్తుందా? ఇంకొకటి, స్టెన్సిల్ అంటే ఎప్పుడూ చవక రకమేనా?

పాత ఇత్తడి
పనిచేస్తుంది, కానీ ఊరు మారుతుంది. ఎల్క్‌హార్ట్ బదులు గ్రాస్లిట్జ్. ఇప్పటి పేరు క్రాస్లిట్సే, చెక్ దేశంలో ఉంది. కోలెర్ట్ కంపెనీ అక్కడిదే. కైల్‌వెర్త్ 1925లో మొదలైందీ అక్కడే. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జర్మన్లను అక్కడి నుంచి పంపేశారు. వర్క్‌షాపులు జాతీయమై అమాటి అన్న పేరు కిందికి వచ్చాయి. కైల్‌వెర్త్ పశ్చిమ జర్మనీలో నౌహైమ్‌లో మళ్లీ మొదలుపెట్టాడు. కాబట్టి దేశం ముద్ర మీద ‘చెకోస్లవేకియా’ ఉంటే యుద్ధానికి ముందా తర్వాతా అన్నది తేల్చడమే అసలు పని. బెల్ కీలు ఎటు వైపు ఉన్నాయో చెప్పండి. కుడి వైపున ఉంటే యుద్ధం తర్వాతిదని మొగ్గు చూపవచ్చు.

ఎప్పుడూ చవకేనా అంటే, కానే కాదు. హెచ్. కూఫ్ అన్న పేరు వినండి. కూఫ్ డెట్రాయిట్ సింఫనీలో క్లారినెట్ వాయించినాయన, వాద్యాల వ్యాపారం కూడా చేశాడు. 1960ల్లో ఆయన పేరుతో కైల్‌వెర్త్ చేసిన సూపర్బా శాక్సోఫోన్లను ఇవాళ వెతికి మరీ కొంటారు. సూపర్బా ఒకటికి అంచులు చుట్టి ఉంటాయి, రెండుకు ఉండవు. అలాగే విటో. లెబ్లాంక్ అమెరికా సంస్థ ఈ పేరుతో ఫ్రాన్స్‌లో బోన్యే దగ్గరా, తర్వాత జపాన్‌లో యమహా, యనగిసావా దగ్గరా చేయించింది. ‘జపాన్’ ముద్ర ఉన్న విటో కనబడితే, స్కూలు పిల్లల సరుకు అని ముఖం తిప్పుకొనేవాళ్ల వెనక నేను నిలబడతాను, వాళ్లు వదిలేస్తే కొనుక్కుందామని.

ఒహాయో గాలి
తిరిగి వచ్చాను. ఊళ్లో శాక్సోఫోన్లు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. పేరు చూసి పెదవి విరిచాడు, గట్లు చూసి కళ్లద్దాలు పెట్టుకున్నాడు. మార్టిన్ అని ఆయన కూడా అన్నాడు. చీకటి గదిలో గొట్టంలోకి సన్నటి దీపాల తీగ దింపి చూపించాడు. ప్యాడ్ల దగ్గర వెలుతురు కారడం మామూలేనట, అవన్నీ పాతవి. కానీ కింద రెండు రంధ్రాల దగ్గర ప్యాడు కింద కాకుండా గట్టు మొదట్లో, ఆ గీత వెంట, సూదిమొనంత వెలుతురు కనిపించింది. అక్కడ టంకం పోయిందట. మొత్తం ప్యాడ్లు మార్చి, ఆ రెండు గట్లకు మళ్లీ టంకం పెట్టడానికి 750 డాలర్లు అన్నాడు. పెట్టనా?

పాత ఇత్తడి
దీన్నే నేను చెబుదామనుకుంటున్నాను, బాగుచేసే ఆయన ముందే పట్టుకున్నాడు. మంచి పనివాడు. మార్టిన్ గట్ల అందమంతా ఆ టంకంలో ఉంది, రోగం కూడా అక్కడే ఉంది. దశాబ్దాల తేమకు అది కొన్ని చోట్ల గుల్లబారుతుంది. ఒక గట్టును వేడి చేస్తే పక్కదాని టంకం కరగకుండా చూసుకోవాలి. అందుకే అది అందరూ చేసే పని కాదు. ఆయన గతంలో మార్టిన్లకు చేశాడా అని అడగండి. చేశానంటే ఇవ్వండి. ఇంకో మాట, గట్ల పైఅంచులు సమం చేస్తానని ఆకురాయి తీస్తే వద్దనండి. పైన పలచగా ఉన్నదే దాని గుణం, అరగదీస్తే తిరిగి రాదు. వెండిని మెరిపించడానికి యంత్రం మీద పాలిష్ కూడా వద్దు. నలుపు చేత్తో తీయగలిగినంత తీయమనండి.

డబ్బు లెక్క నిష్ఠూరంగానే చెబుతాను. 180కి 750 కలిపితే 930. బాగుచేశాక అమ్మబోతే, వర్లిట్జర్ పేరుతో అంత రాదు. రీడు ముక్క గారు చెప్పిన హ్యాండ్‌క్రాఫ్ట్ ధర హ్యాండ్‌క్రాఫ్ట్ అని చెక్కినదానికే. కొనేవాడు పేరుకే డబ్బు ఇస్తాడు, టంకానికి కాదు. కాబట్టి అమ్మే ఆలోచన ఉంటే పైసా పెట్టకండి. వాయించే ఆలోచన ఉంటే, ఆ ధరకు అలాంటి నాదం ఉన్న కొత్తది ఏ దుకాణమూ ఇవ్వదు.

రీడు ముక్క
ఒప్పుకోను. నేను మార్టిన్ స్టెన్సిల్ ఒకటి మంచి ధరకే అమ్మాను. ప్రకటనలో గట్ల ఫోటో పెడితే, తెలిసినవాడు వస్తాడు.

పాత ఇత్తడి
తెలిసినవాడు వస్తాడు, బేరమాడతాడు. నేను వచ్చేదీ అందుకే.

బ్యాండుమేళం
అబ్బాయి వాయించేది కదా, చేతికి ఎలా ఉంటుందో కూడా చెప్పండి. ఆ కాలపు కీలు ఎడమ చిటికెన వేలు దగ్గర బిగుతుగా, చిన్నగా ఉంటాయి. స్కూలు శాక్సోఫోన్ అలవాటైన పిల్లవాడికి కింది బి, బి-ఫ్లాట్ దగ్గర మొదట్లో వేలు తడబడుతుంది.

ఎల్క్‌హార్ట్ పొరుగువాడు
నిజం. కొత్త మౌత్‌పీస్ పెట్టి ‘శ్రుతి తప్పింది’ అని కూడా అంటాడు చూడండి. ఆ కాలపు ఆల్టోలు లోపల విశాలంగా, గుండ్రంగా ఉండే మౌత్‌పీస్ కోసం చేసినవి. ఇప్పటి ఇరుకు మౌత్‌పీస్ పెడితే పై స్వరాలు ఎగబాకుతాయి. పెట్టెలో పాత మౌత్‌పీస్ ఏదైనా ఉంటే పారేయకండి.

ఒహాయో గాలి
పెట్టె అరలో నల్లటి మౌత్‌పీస్ ఒకటి ఉంది, పళ్ల గాట్లతో. దాని మీదా వర్లిట్జర్ అనే ఉంది. బాగుచేసే ఆయనను అడిగాను, మార్టిన్లకు చాలాసార్లు టంకం పెట్టాడట. ఇచ్చేశాను. మూడు వారాలు పడుతుందన్నాడు. వచ్చాక అబ్బాయి వాయించింది రికార్డు చేసి ఇక్కడే పెడతాను.

కొత్త శ్రుతి
మావయ్య టెనర్ బెల్ కీలు ఎడమ వైపునే ఉన్నాయి. గట్ల మొదట్లో గీత లేదు, అంచు చుట్టి లేదు. ఫోటోలు రేపు పెడతాను.

పాత ఇత్తడి
రెండు కీలూ ఎడమ వైపున ఉంటే యుద్ధానికి ముందుదో, వెంటనే తర్వాతదో కావచ్చు. నెక్ మీద ఆక్టేవ్ కీ (స్వరాన్ని పై స్థాయికి తీసుకెళ్లేది) ఎలా తిరిగిందో కూడా ఒక ఫోటో తీయండి. దానికి వేరే చర్చ మొదలుపెట్టండి, ఇక్కడ మార్టిన్ కింద మీ టెనర్ కనబడకుండా పోతుంది.